నాగపూర్ రోడ్డు మీద పరిచిన చాపలు

మెదక్ చర్చి గురించి బడి పిల్లలకైనా నోటికొచ్చిన లెక్కలు కొన్ని ఉన్నాయి. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గంట గోపురం. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర ఊరికే గంజి పోయకుండా, పని చూపించి అన్నం పెట్టి కట్టించాడు. సోషల్ టీచరుగా ఈ లెక్కలన్నీ నేనూ ఏళ్ళ తరబడి పిల్లల చేత వల్లె వేయించాను. ఆ గుడిలోకి నడిచి వచ్చిన పల్లెటూరి మనిషికి దేవుడితో మాట్లాడడం ఎవరు నేర్పారు, ఎక్కడ కూర్చోబెట్టి నేర్పారు అన్నది ఏ పాఠంలోనూ లేదు. నేను చెప్పదలచుకున్నది ఆ సంగతి.

మాది హైదరాబాదు శివారులోని పేట్ బషీరాబాద్. సుచిత్ర దాటి, కొంపల్లి రాకముందు, నాగపూర్ పోయే పెద్ద రోడ్డు మీద ఉంటుంది. ఇప్పుడు దాన్ని నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి అంటున్నారు కానీ మా ఇళ్ళలో ఇంకా నాగపూర్ రోడ్డే. ఒక దిక్కు కంటోన్మెంటు, ఇంకో దిక్కు మేడ్చల్, తూప్రాన్. తూప్రాన్ మీదుగా మెదక్ పోయే బస్సులు మా ముందునుంచే పోతాయి. పోస్నెట్ కూడా మొదట కంటోన్మెంటు మనిషే. 1895లో ఇంగ్లండు నుంచి వచ్చి తిరుమలగిరిలో తెల్ల సిపాయిలకు ప్రార్థనలు జరిపేవాడు. ఆ పనితో తృప్తి పడక మెదక్ వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో అది గుర్రం మీద రెండు రోజుల ప్రయాణం. ఆయన సోదరి ఎమీలియా పోస్నెట్, ఆమె స్నేహితురాలు సారా హారిస్ కూడా మెదక్‌లోనే ఉండి ఆడవాళ్ళ మధ్య పని చేశారు. గుడి కట్టిన కథలో వీళ్ళిద్దరి పేర్లు అరుదుగా వినపడతాయి. వాళ్ళతో కలిసి పల్లెలు తిరిగిన తెలుగు బైబిల్ స్త్రీల పేర్లు అసలు వినపడవు.

బైబిల్ స్త్రీలంటే ఎవరో ఈ తరానికి చెప్పాలి. ఎక్కువమంది నిరుపేదలు, కొందరు విధవరాళ్ళు. మిషన్‌లో అక్షరాలు నేర్చుకుని, సంచిలో ఒక సువార్త పుస్తకం పెట్టుకుని, పల్లె నుంచి పల్లెకు కాలినడకన పోయేవాళ్ళు. మా అమ్మమ్మది నర్సాపూర్ పక్క ఊరు. వాళ్ళ మాలవాడకు ఒకామె వచ్చేదట. అందరూ ఆమెను బైబిలమ్మ అనేవాళ్ళు. పగలంతా ఆడవాళ్ళు దొరల పొలాల్లో ఉంటారు కాబట్టి ఆమె చీకటి పడ్డాక వచ్చి, వాళ్ళు జొన్నలు విసిరే వేళకు ఇసుర్రాయి దగ్గర కూర్చునేది. బాప్తిస్మం కావాలంటే ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి రావాలి. అక్షరం ముక్క రాని ఆడవాళ్ళు, పొద్దంతా నడుం వంచి వచ్చినవాళ్ళు వాటినెట్లా నేర్చుకుంటారు? ఇసుర్రాయికి అటొకరు ఇటొకరు కూర్చుంటారు. పిడి ఒకటే, చేతులు రెండు. ఒక తిప్పుకు ఒకామె ఒక మాట అంటే, మరో తిప్పుకు ఎదుటామె తర్వాతి మాట అందుకోవాలి. మధ్యలో ఎవరైనా మరిచిపోతే రాయి ఆగేది. అందరూ నవ్వి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవాళ్ళు. అమ్మమ్మ ముసలితనంలో కూడా ఒక్కతే ప్రార్థన చెప్పేది కాదు. ఎదురుగా ఎవరో ఒకరు కూర్చోవాలి.

"కూసో బిడ్డా, నువ్వొక మాట నేనొక మాట" అనేది నాతో.

ప్రార్థన అంటే ఇద్దరు చేసే పని అని నాకు అట్లా పట్టుబడింది. తర్వాత ఎన్ని ప్రసంగాలు విన్నా ఇంతకంటే గట్టిగా నిలిచిన పాఠం లేదు.

మా బాపు జీడిమెట్ల ఫ్యాక్టరీలో పనికి కుదరడంతో మేము మెదక్ పక్కనుంచి ఇటు వచ్చాం. అప్పట్లో కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్ష తోటలుండేవి. షామీర్‌పేట దిక్కు కూడా అంతే. అనాబ్‌షాహీ పందిళ్ళు, వాటి మధ్య మట్టి బాటలు, జీడిమెట్ల ఊరి పక్కన 1897 నాటి ఫాక్స్ సాగర్ చెరువు. బాపుతో పనిచేసే ఒకాయన ఒక ఆదివారం మమ్మల్ని ముషీరాబాద్ తీసుకుపోయాడు. గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను అనే ప్రార్థన మందిరం. అక్కడ మొదటిసారి ఆ సంఘాన్ని నడిపే భక్త్ సింగ్ గారిని చూశాను. అప్పటికే డెబ్బై దాటిన మనిషి, తెల్లని బట్టలు.

ఆయన తెలుగువాడు కాదు. 1903లో పంజాబులోని జోయియా అనే ఊళ్ళో సిక్కు కుటుంబంలో పుట్టాడు. మిషన్ బడిలో చదువుతున్నప్పుడు బహుమతిగా వచ్చిన బైబిలు కాగితాలు చించేసి, బాగుందని తోలు అట్ట మాత్రం దాచుకున్నానని ఆయనే సాక్ష్యంలో చెప్పుకునేవాడు. ఇంజనీరింగు చదువుకు లండన్ వెళ్ళాడు. 1928లో కెనడాకు ఓడలో పోతుంటే భోజనశాలలో ఆరాధన జరుగుతున్నది. అందరూ మోకరించారు. లేచి పోదామనుకున్నాడు. మసీదుకు పోయినప్పుడు, గుడికి పోయినప్పుడు చెప్పులు విడిచి మర్యాద చూపినవాణ్ణి, ఇక్కడ మాత్రం ఎందుకు చూపకూడదనుకుని తనూ మోకాళ్ళ మీదికి వంగాడు. క్రీస్తు పేరు మొదటిసారి ప్రేమగా నోటికి వచ్చింది అప్పుడేనని చెప్పేవాడు. మరుసటి ఏడు విన్నిపెగ్‌లో ఒక స్నేహితుని దగ్గర కొత్త నిబంధన అడిగి తీసుకుని చదివి ప్రభువును నమ్ముకున్నాడు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1933లో బొంబాయిలో ఓడ దిగితే తల్లిదండ్రులు ఎదురొచ్చి, ఈ సంగతి బయట పెట్టకుండా ఉంటే ఇంటికి రమ్మన్నారు. దాచలేనన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన ఆ ఊళ్ళోనే వీధుల్లో సువార్త చెప్పడం మొదలుపెట్టాడు.

తర్వాత కొన్నేళ్ళు మిషన్ సంఘాలన్నీ ఆయన్ని పిలిచి ప్రసంగాలు చెప్పించుకున్నాయి. 1941లో మద్రాసు పక్కన పల్లవరం కొండ మీద కొంతమందితో కలిసి రాత్రంతా ప్రార్థించి, కొండ దిగాక యెహోవా షమ్మా అనే సంఘాన్ని మొదలుపెట్టాడు. ఆ ఏడు డిసెంబరులో అక్కడే మొదటి పరిశుద్ధ కూటాలు జరిగాయి. లేవీయకాండం 23వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు పండుగలకు ఒకచోట చేరినట్టు, విశ్వాసులంతా ఇళ్ళు వదిలి వచ్చి రోజుల తరబడి కలిసి ఉండాలన్నది ఆయన ఆలోచన. 1950లో హైదరాబాదులో హెబ్రోను వచ్చింది. 2000 సెప్టెంబరు 17న ఆయన కన్నుమూసింది కూడా ఆ ప్రాంగణంలోనే. సమాధి నారాయణగూడలో ఉంది.

ఆయన బోధలో నాకు అన్నిటికన్నా విలువైనది అపొస్తలుల కార్యములు 2:42 మీద ఆయన నిలబడిన తీరు. బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన అన్న నాలుగు పనుల్లో ఏ ఒక్కటి వదిలినా సంఘం కుంటిదే అనేవారు హెబ్రోను పెద్దలు. ఆయన బైబిలు మోకాళ్ళ మీద ఉండి చదివేవాడు. ఫలానా ఊరికి పోవాలా వద్దా, స్థలం కొనాలా వద్దా అన్న చిన్నా పెద్దా విషయాలన్నీ నలుగురితో కలిసి ప్రార్థించాకే తేల్చేవాడు. సేవకులకు జీతాలు లేవు. చందాలు అడగడం లేదు. కానుక ఇవ్వదలచినవాళ్ళు ఇస్తారు, వచ్చినదానితో నడవాలి. పూర్తి ఇంజనీరింగు చదువు చదివిన మనిషి బతుకంతా ఇట్లా నడిపాడంటే, విశ్వాసం మీద ఎన్ని ఉపన్యాసాలిస్తే దానికి సరిపోతుంది?

హెబ్రోనులో బెంచీలు లేవు. చెప్పులు బయట విడిచి, చాపల మీద ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చోవాలి. గోడల మీద వాక్యాలు. పాటలకు సీయోను గీతాలు. ఆరాధనలో పాస్టరు ఒక్కడే చెప్పి ముగించడం ఉండదు. కూర్చున్నవాళ్ళలో ఎవరికి స్తోత్రం పుడితే వాళ్ళు పైకి చెప్తారు. పక్కవాళ్ళు ఆమెన్ అంటారు. తర్వాత ప్రభువు బల్ల, వాక్యం. ఇవన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అప్పుడు అందరూ కలిసి తినే ప్రేమవిందు. కూటాల రోజుల్లోనైతే పరుపుచుట్టలతో రైలు దిగినవాళ్ళు, లారీల మీద వచ్చినవాళ్ళు వేలమంది పందిళ్ళ కిందే ఉండి, పూటపూటకూ బంతుల్లో కూర్చుని తినేవాళ్ళు. ఒకరోజు అందరూ వాక్యాలు రాసిన బ్యానర్లు పట్టుకుని పాటలు పాడుతూ ఊరేగింపుగా నగరం వీధుల్లో నడిచేవాళ్ళు.

దీనికి మరో పక్క కూడా ఉంది. దాచిపెడితే చరిత్ర కాదు. మిషన్ సంఘాల నుంచి చాలా కుటుంబాలు ఇటు వచ్చేశాయి. దక్షిణ ఇండియా సంఘం (సీయస్సై)లోనూ, బాప్టిస్టు, లూథరన్ సంఘాల్లోనూ అది పెద్ద నొప్పి. అన్నదమ్ములు చెరొక సంఘమై పండుగకు కూడా మాట్లాడుకోని ఇళ్ళు నాకు తెలుసు. మా అమ్మమ్మ కూడా నొచ్చుకుంది. చంటిబిడ్డగా మెదక్ సంఘంలో నాకు పోయించిన బాప్తిస్మపు నీళ్ళు ఏమయ్యాయని బాపును నిలదీసింది. ఇటు వచ్చినవాళ్ళలో కొందరు వెనకటి సంఘాన్ని చిన్నచూపు చూశారన్నది నిజం. అది క్రీస్తును వెంబడించే పద్ధతి కాదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

మరి హెబ్రోను కూటాల్లోని ఆ బంతి భోజనాన్ని నేను గొప్పగా ఎందుకు చెప్తున్నానంటే, తెలుగు క్రైస్తవుల చరిత్రలో అన్నం దగ్గర కూర్చోవడమే అతి కష్టమైన పాఠం. అది నాకు పుస్తకాలు చదవకముందే మా వీధిలో ఉండే ఒంగోలు అత్తమ్మ వల్ల తెలిసింది. ఆమెతో నాకు రక్తసంబంధం లేదు. భర్త జీడిమెట్లలో వెల్డరు, ఇద్దరూ ఒంగోలు పక్కనుంచి వచ్చినవాళ్ళు, బాప్టిస్టులు. వీధిలో మొదటి ఇంటి కూటం ఆమె వరండాలోనే మొదలైంది. శుక్రవారం చీకటి పడ్డాక చాప పరిచి, ముందుగా ఒంగోలు కొండ కథ చెప్పేది.

1854 జనవరి 1, తెల్లవారకముందు. లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, వాళ్ళతో క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువాళ్ళు ఒంగోలు కొండెక్కారు. కింద ఊరంతా నిద్రలో ఉంది. ఒకరి తర్వాత ఒకరు ఆ ప్రాంతం కోసం ప్రార్థించారు. అమెరికాలోని బాప్టిస్టు సంఘం ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని ఆలోచిస్తున్న రోజులవి. ప్రార్థన విన్నట్టు కనపడడానికి పన్నెండేళ్ళు పట్టింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. ఆ ఏడే తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగ, తోలు వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే మనిషి, అంతకుముందు యోగ గురువుల దగ్గర సత్యం వెతికినవాడు. ఆయన, ఆయన భార్య నాగమ్మ చుట్టుపక్కల పల్లెల్లో తమవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టారు. ఊళ్ళో పెద్ద కులాలవాళ్ళు కొందరు క్లౌ దగ్గరికొచ్చి, మేమూ వస్తాం కానీ ఆ మాదిగలను చేర్చుకోవద్దన్నారు. క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయమే కంటపడిందట. లోకం నీచులనుకున్నవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం అది. మాదిగలను వదలలేదు. పెద్ద కులాలవాళ్ళు వెళ్ళిపోయారు.

తర్వాత 1876 నుంచి 78 దాకా మహా కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే గుత్త తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు పని సాగినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ముగిశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్క రోజున బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు. ఈ సంఖ్య చెప్పేటప్పుడు అత్తమ్మ గొంతు పెంచేది కాదు. కొండ మీది ఐదుగురి దగ్గర మాత్రం ఎంతసేపైనా ఆగేది.

"కొండెక్కింది ఐదుగురేనమ్మా. మనం ఈ వరండాలో ఏడుగురం ఉన్నాం. తక్కువెట్టా అవుతాం?" అనేది.

క్రైస్తవం వచ్చినంత మాత్రాన కులం పోలేదు. బాప్టిస్టులు ఎక్కువగా మాదిగలైతే, మా మెదక్ పక్క, డోర్నకల్ పక్క మాలలు ఎక్కువ. ఒకే ఊళ్ళో రెండు గుళ్ళు, రెండు సమాధి తోటలు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య డోర్నకల్‌లో ముప్పై ఏళ్ళకు పైగా ఈ గోడతోనే తలపడ్డాడు. దానికంటే ముందు, 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు మాకు ఇచ్చింది చాలానే ఉంది కానీ స్నేహం ఇవ్వలేదు, మాతో కలిసి కూర్చుని తినడం లేదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడినవాడాయన. డోర్నకల్ సంఘాల్లో ఇల్లాలు అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని పనికి విడిగా పెట్టే అలవాటు పాతుకుంది. పిడికెడు బియ్యం ఇచ్చే చేతికి ఆ సంఘం తనదన్న ధైర్యం వస్తుంది. దొర ఇచ్చే డబ్బు ఆ ధైర్యం ఇవ్వలేదు.

మా వరండా కూటంలో మాల ఇళ్ళు, మాదిగ ఇళ్ళు, ఒక కాపు ఇల్లు ఉండేవి. నెలకొకసారి రాత్రి ప్రార్థన. పది గంటలకు మొదలై కోడికూత దాకా. నడిరాత్రి ఒక విడత టీ. తెల్లవారాక గాడిపొయ్యి మీద గుండిగతో అన్నం, పప్పుచారు. ఎవరింటి బియ్యం ఎవరిదో తెలియకుండా ఒకే గుండిగలో పోయాలన్నది అత్తమ్మ నియమం. వడ్డించేవాళ్ళను కూడా ప్రతిసారీ ఆమే మార్చేది. తరతరాలుగా ఎవరి చేతి నీళ్ళు ఎవరూ ముట్టని ఇళ్ళకు ఆ గుండిగ చేసిన మేలు ఏ ప్రసంగమూ చేయలేదు.

ప్రార్థనకు ఆమె పెట్టిన పద్ధతి ఇప్పటికీ మా ఇంటి కూటంలో అదే. ముందు స్తుతి. ఏమీ అడగకూడదు. అందరూ ఒక్కో మాటైనా కృతజ్ఞత చెప్పాలి, పిల్లలు కూడా. తర్వాత కాసేపు మౌనం, ఎవరి తప్పు వాళ్ళు దేవుడి ముందు ఒప్పుకోవడానికి. ఆ తర్వాతే మనవులు. వాటికో పొడుగు నోటుబుక్కు. తారీఖు, పేరు, సంగతి. ఎవరి మనవి వాళ్ళు ప్రార్థించకూడదు, పక్కవాళ్ళు చెయ్యాలి. నా బిడ్డ జ్వరం గురించి ఎదురింటామె దేవుణ్ణి బతిమాలాలి, ఆమె మగడి ఉద్యోగం గురించి నేను బతిమాలాలి. జవాబు వస్తే అదే గీత పక్కన టిక్కు పెట్టి, వచ్చే శుక్రవారం సాక్ష్యం చెప్పాలి. జవాబు రానివి కొట్టెయ్యకూడదు. ఆ పుస్తకాల్లో టిక్కులేని గీతలు బోలెడున్నాయి. బతకని బిడ్డల పేర్లున్నాయి. వాటిని చూసే నేను విశ్వాసం నేర్చుకున్నాను. అడిగిందల్లా వస్తుందని చెప్పే బోధ విన్నప్పుడు నాకు ఆ గీతలే గుర్తొస్తాయి.

ఒక ఎండాకాలం నల్లా దగ్గర ఇద్దరాడవాళ్ళు బిందెల కోసం కొట్టుకున్నారు. శుక్రవారం ఇద్దరూ తల మీద కొంగేసుకుని వచ్చి చెరొక మూల కూర్చున్నారు. అత్తమ్మ పాట కూడా ఎత్తలేదు. "కుళాయి కాడ సంగతి తేలాకే ఇక్కడ సంగతి" అని చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. మత్తయి 5వ అధ్యాయం అందరికీ తెలిసిందే, బలిపీఠం దగ్గర కానుక విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పింది. ఎవరూ ఆ వాక్యం చదవలేదు. చాలాసేపు ఎవరి నోటా మాట లేదు. చివరికి వయసులో పెద్దామె లేచి వెళ్ళి చిన్నామె పక్కన కూర్చుని, "రేపు నీదే ముందు బిందె" అంది. అప్పుడు పాట ఎత్తారు.

సంఘాల పెద్దల పట్టికలు చూడండి, అంతా మగవాళ్ళే. హెబ్రోను సంఘాలైనా, వేరేవైనా అంతే. ప్రార్థన నేర్పిన చేతులు చూస్తే మాత్రం నాకు జూలియా, రూతు, నాగమ్మ, ఎమీలియా, బైబిలమ్మ, అత్తమ్మ కనపడతారు. వీళ్ళను పట్టికల్లోకి ఎక్కించకపోవడం అన్యాయం. మా కాలనీలో ద్రాక్ష తోటలు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. మనవులు ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో వస్తున్నాయి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకునేవాళ్ళే ఎక్కువ. అందుకే శుక్రవారం ఫోన్లన్నీ బయట బల్ల మీద పెట్టించి, ఆ వారం వచ్చిన మనవులను నోటుబుక్కులోకి చేత్తో ఎక్కిస్తున్నాం. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఎదుటివాళ్ళ గీత మీద వేలు పెట్టి ప్రార్థించమని చెప్తున్నాం.

అత్తమ్మ పాత పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. వాటిలోంచి మా వీధి కూటం చరిత్ర రాస్తున్నాను: ఎవరు వండారు, ఎవరు వరండా ఇచ్చారు, ఎవరు ఎవరికి ప్రార్థన నేర్పారు. మేడ్చల్, తూప్రాన్, నర్సాపూర్ పక్క ఊళ్ళలో అమ్మమ్మల నోట బైబిల్ స్త్రీల పేర్లు విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు, ఎనభై దాటినవాళ్ళు. ఈ వేసవిలో మీ ఊరికి పోయినప్పుడు వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. పేరు, ఊరు, ఏ వాడకు వచ్చేది, ఏ పాట పాడేది అని రాసుకుని, మీ సంఘం రిజిస్టరులో ఎక్కించమని సెక్రటరీకి ఇవ్వండి.